లాభం, రెండు, మూడు

పుష్పావతికి తెలుగులో నచ్చని మాటలు రెండున్నాయి. ఒకటి ‘సుమారుగా’, రెండోది ‘ఏదోలే’. పాలవాడు సుమారుగా లీటరు పోశానంటే కొలపాత్ర తెచ్చి వాడి కళ్లముందే కొలిచేది. పక్కింటావిడ కూరలో ఉప్పు ఏదో కొంచెం వేశానంటే, కొంచెమంటే ఎన్ని గ్రాములండీ అని అడిగి, ఆవిడ మళ్లీ గుమ్మం తొక్కకుండా చేసుకుంది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసే మొగుడు వెంకట్ ఇరవై రెండేళ్ల కాపురంలో నేర్చుకున్నది ఒక్కటే. ఇంటికెప్పుడొస్తావంటే ఏడుంపావుకి అని చెప్పడం, ఏడుంపావుకి రావడం.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగం నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే రోడ్డులో, మామిడి తోటల మధ్య దొరికింది. అక్కడొక పరీక్షల ల్యాబు ఉంది. విమానాలు నడిపేవాళ్లు తలకి పెట్టుకునే హెల్మెట్లు, చెవులకి తగిలించుకునే హెడ్‌సెట్లు దేశంలో ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తాయి. హెల్మెట్‌ని ఇనప తలకి తొడిగి పైనుంచి పడేసి, లోపలి తలకి ఎంత దెబ్బ తగిలిందో లెక్క తీయడం తోటి ఉద్యోగి రాయప్ప పని. ఇంజను మోతని హెడ్‌సెట్ చెవిదాకా రాకుండా ఎంతవరకూ ఆపుతుందో తేల్చడం పుష్పావతి పని. తొమ్మిదేళ్లుగా ఆమె సంతకం లేకుండా ఒక్క మోత రిపోర్టూ ఆ గేటు దాటలేదు.

ల్యాబు ఓనరు దశరథరామయ్య గారిది అదే ఊరు, అదే తోట. ముప్ఫై ఏళ్లు బెంగుళూరులో ఇదే పని చేసొచ్చి, నిశ్శబ్దం కావాలంటే ఇంతకంటే మంచి చోటు ఎక్కడుందని తండ్రిగారి మామిడి తోట మధ్యలో ల్యాబు కట్టించాడు. తోటలో కాయలు కాస్తాయని, కాయలకి కోతులొస్తాయని, కోతుల్ని తరమడానికి బుచ్చయ్య అనే కాపలావాడు పొద్దస్తమానం కార్బైడు తుపాకీ పేలుస్తాడని అంత చదువుకున్న పెద్దమనిషికి తట్టలేదు. అడుగు మందం గోడలు, రెండు తలుపులు, లోపలంతా స్పాంజి ముళ్లు అతికించిన నిశ్శబ్దపు గదిలో పుష్పావతి ఊపిరి బిగపట్టి పరీక్ష మొదలుపెట్టేసరికి, బయట ‘ఢాం’ మనేది. మళ్లీ మొదటికి. మేనెలలో కొన్ని రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా మళ్లీ మొదటికే.

ఆ పరీక్షకి యంత్రం ఒక్కటీ చాలదు, మనిషి చెవి కావాలి. గదిలో కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెడతారు. శబ్దం ఏమీ లేని చోటు నుంచి మెల్లగా పెరుగుతూ వస్తుంది, సెకనుకి రెండున్నర డెసిబెళ్ల చొప్పున. వినపడగానే చేతిలో మీట నొక్కాలి. ముందు ఉత్త చెవులతో ఒకసారి, తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని ఒకసారి. రెండింటికీ తేడా ఎంతుందో, ఆ హెడ్‌సెట్ అంత మోత ఆపుతుందన్నమాట. ఇలా పదిమంది చెవులతో చూసి లెక్క కడతారు.

ఆ పదిమందీ తోటల్లో పనిచేసేవాళ్లే. వాళ్లందరికీ పెద్ద నాగేంద్రమ్మ. కాయలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ల ముఠాకి ఆవిడే మేస్త్రి. మైకు అక్కర్లేని గొంతు, దేనికీ జంకని మనిషి. అలాంటిది మొదటి రోజు గదిలో కూర్చోబెడితే, “ఇందులో తప్పితే ఏం చేస్తారండీ?” అని అడిగింది. పుష్పావతి అందర్నీ నిలబెట్టి ధైర్యం చెప్పింది. “ఉత్త చెవులతో చేసేది మీ చెవులు బాగున్నాయో లేదో చూడ్డానికి. హెడ్‌సెట్ పెట్టాక మాత్రం పరీక్ష మీకు కాదు, హెడ్‌సెట్‌కి. భయపడకుండా కూర్చోండి.” ఆ మాట అన్నందుకు తర్వాత తన నెత్తి తనే మొత్తుకోవాల్సి వస్తుందని ఆమెకేం తెలుసు!

మే రెండోవారంలో ఒక ఈమెయిల్ వచ్చింది. పైలట్లని తయారుచేసే ఒక శిక్షణ కేంద్రం నుంచి. ‘జనవరిలో మీరు పరీక్షించిన హెడ్‌సెట్లే మా విద్యార్థులు వాడుతున్నారు. విమానం దిగాక చెవుల్లో గుయ్యిమంటోందని నలుగురు ఫిర్యాదు చేశారు. ఇరవై నాలుగు డెసిబెళ్లు ఆపుతుందని మీరిచ్చిన రిపోర్టు సరైనదేనా?’

సరైనదేనా! పుష్పావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదేళ్లలో ఆమెని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

“పిల్లలు సరిగ్గా పెట్టుకుని ఉండరమ్మా,” అన్నాడు దశరథరామయ్య గారు, మెయిలు చదివి కళ్లజోడు తీస్తూ. “జుట్టు పెంచుకుంటున్నారుగా ఈ కాలం కుర్రాళ్లు. దాని మీద పెట్టుకుంటే సందు ఉండిపోతుంది. అదే రాసెయ్.”

“చూడకుండా ఎలా రాస్తాను సార్?”

“వచ్చే నెల మన గుర్తింపు తనిఖీకి వస్తున్నారు. ఇప్పుడు పాత రిపోర్టులు తవ్వుకుంటామా?”

“తవ్వితే ఏమీ దొరక్కపోతే మంచిదే కదా సార్,” అని ఆమె లేచి వచ్చేసింది. బీరువాలోంచి ఆ హెడ్‌సెట్ తాలూకు మిగిలిన నమూనాలు తీసి బల్ల మీద పెట్టుకుంది.

ఆ తర్వాత పది రోజులు పుష్పావతి పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. మైకులు సరిచూడ్డానికి రమ్మంటే విజయవాడ నుంచి టెక్నీషియను ‘రేపొస్తానండీ’ అని నాలుగు రేపులు గడిపాడు. వచ్చినవాడు అన్నీ బాగున్నాయని చెప్పి, వెళ్తూ వెళ్తూ పెద్ద రసాలు ఎక్కడ మంచివి దొరుకుతాయండీ అని అడిగాడు. తలుపు చుట్టూ రబ్బరు మార్పించింది. కరెంటు పోయింది. కరెంటు వచ్చింది, రోడ్డు మీద కాయల లారీ గుంతలో దిగబడి డ్రైవరు గంటసేపు ఇంజను గీపెట్టించాడు. లారీ పోయింది, బుచ్చయ్య తుపాకీ అందుకున్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరిగెత్తింది.

“బుచ్చయ్యా, ఒక్క గంట! ఒక్క గంట ఆపలేవా?”

“నేను ఆపుతానండీ,” అన్నాడు బుచ్చయ్య ఎంతో మర్యాదగా. “కోతులకి కూడా మీరే ఓ మాట చెప్పండి.”

అన్నీ సరిచేసి, పదిమందినీ మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ లెక్క కట్టింది. ఇరవై నాలుగు. జనవరిలో ఎంతొచ్చిందో అంతే. సంతోషించాల్సిన మనిషికి ఆ కాగితం చూస్తుంటే ఒళ్లు మండింది. పదిమంది చెవులు పది రకాలుగా ఉంటాయి. ఒకడికి పద్దెనిమిది, ఇంకొకడికి ఇరవై ఆరు రావాలి. ఇక్కడ అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే చోట నిలబడ్డారు. మనుషులు ఇంత బుద్ధిమంతులుగా ఉండరని ఆమెకి అనుభవం మీద తెలుసు. తప్పెక్కడో మాత్రం అంతు చిక్కలేదు. ఆ పది రోజులూ ఇంట్లో వెంకట్ ఏడుంపావుకి వచ్చినా కూడా తిట్లు తిన్నాడు.

గదిలోకి బయటి శబ్దం ఏమైనా దూరుతోందేమోనని చివరి అనుమానం మిగిలింది. లోపలి మనిషి మాట వినడానికి గదిలో ఒక చిన్న మైకు ఉంటుంది. మామూలుగా దాన్ని బాగా తగ్గించి ఉంచుతారు. ఆ రోజు నాగేంద్రమ్మని కూర్చోబెట్టి, పుష్పావతి ఆ మైకు పూర్తిగా పెంచి, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయట కూర్చుంది. చీర మడత కదిలిన చప్పుడు వినపడింది. నాగేంద్రమ్మ ఊపిరి వినపడింది. తెర మీద గీత పెరుగుతూ వచ్చింది. అప్పుడు, పెదవులు కదిలీ కదలనట్టు ఒక గుసగుస.

“లాభం... రెండు... మూడు.”

టక్. మీట నొక్కింది.

తర్వాతి శబ్దానికీ అంతే. లాభం, రెండు, మూడు, టక్. ఆ చుట్టుపక్కల కాయలు లెక్కపెట్టినా, ధాన్యం కొలిచినా మొదటిదాన్ని ఎవరూ ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. రెడ్డిగూడెంలో పుష్పావతి తండ్రి కళ్లంలో నిలబడి అలాగే కొలిచేవాడు. కానీ ఈ మహాతల్లి చీకటి గదిలో కూర్చుని ఏం లెక్కపెడుతోంది? కాయల్లేవు, పెట్టెల్లేవు. పుష్పావతి వేళ్ల మీద గుణించుకుంది. మూడు లెక్కపెట్టడానికి మూడు సెకన్లు. సెకనుకి రెండున్నర. మొత్తం ఏడున్నర డెసిబెళ్లు. హెడ్‌సెట్ ఆపకుండానే అది ఆపినట్టు లెక్కలో పడుతున్నాయి.

రెండు తలుపులూ తోసుకుని లోపలికి వెళ్లి నాగేంద్రమ్మ తల మీది హెడ్‌సెట్ తీసింది.

“ఏంటది?”

“ఏదండీ?”

“లాభం, రెండు, మూడు. ఏంటది?”

నాగేంద్రమ్మ నాలుక కరుచుకుంది. “పైకి అన్నానా అండీ?”

“వినపడగానే నొక్కమని చెప్పానా లేదా?”

“చెప్పారండీ. ఉత్త చెవులప్పుడు వెంటనే నొక్కేస్తున్నామండీ, కావాలంటే చూసుకోండి. ఇది మాకు పరీక్ష కాదు కదండీ, హెడ్‌సెట్టుకి పరీక్ష. మీరేగా చెప్పింది.”

“అయితే?”

“అయితే ఏంటండీ, అది పాసవ్వాలి కదా మరి!”

నాగేంద్రమ్మ ఏ బెరుకూ లేకుండా చెప్పుకుంటూ పోయింది. “పోయిన కార్తీకంలో ఒకటి ఫెయిలైతే ఆ కంపెనీవాళ్లు ఫోన్లో మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నారు. మీరు వరండాలోకొచ్చి, ఇంకోటి ఇలా ఫెయిలైతే ఈ ల్యాబుకి తాళమేసుకుని అందరం కాయలు కోసుకోవాల్సిందే అని ఏడ్చారండీ.”

“నేను ఏడవలేదు.”

“కళ్లు తుడుచుకున్నారండీ. అప్పుడే అనుకున్నాం, మేడమ్ గారికి మళ్లీ ఆ మాట రాకూడదని. వినపడ్డాక మనసులో మూడు లెక్కెట్టి నొక్కండర్రా అని అందరికీ నేనే చెప్పాను. త్వరగా వినపడితే నిదానంగా, ఆలస్యంగా వినపడితే గబగబా లెక్కెట్టమన్నానండీ. క్రీస్తుదాసు అయిదు లెక్కెడదామన్నాడండీ. అయిదైతే మేడమ్ గారు పట్టేస్తారు, మూడు చాల్లే అన్నాను.”

ఎవర్ని తిట్టాలి? దొంగతనం చేసినవాడైతే చెంప పగలగొట్టొచ్చు. తన మీద జాలిపడి, తన ఉద్యోగం నిలబెట్టాలని పదిమంది మనుషులు ఆరు నెలలుగా మూతి బిగించుకుని తన కొంప ముంచుతుంటే ఏమనాలి? మైకులు విప్పింది, తలుపులు విప్పింది, టెక్నీషియన్ని పిలిపించింది, కోతులతో పోట్లాడింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కమాట అడగలేదు.

ఆమె నాగేంద్రమ్మ చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లింది. చిన్న విమానం లోపల రికార్డు చేసిన మోత ఒకటి అక్కడ ఉంది. హెడ్‌సెట్ మళ్లీ ఆమె తలకి పెట్టి, విమానంలో ఎంత ఉంటుందో సరిగ్గా అంతకి పెంచి, స్పీకర్లు వదిలింది. నాగేంద్రమ్మ ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకుంది. ఒక్క నిమిషం పూర్తికాకుండానే చెయ్యెత్తి ఆపమంది.

“బాబోయ్. ఇది పెట్టుకున్నా ఇంత మోతేనా? ఎంతసేపుంటారండీ ఇందులో?”

“రోజుకి రెండు మూడు గంటలు. జనవరి నుంచి.”

“ఎవరండీ?”

“విమానం నేర్చుకునే పిల్లలు. పందొమ్మిదేళ్లు, ఇరవయ్యేళ్లు. నలుగురికి చెవుల్లో మోత పట్టుకుంది. మన రిపోర్టు చూసే ఇవి కొన్నారు.”

నాగేంద్రమ్మ హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. “ఎవరో పెట్టుకుంటారని మాకు ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?” అంది.

ఇన్నాళ్లూ పుష్పావతి చాలానే చెప్పింది. మీట ఎలా పట్టుకోవాలో చెప్పింది. తల తిప్పకూడదని, బొట్టుబిళ్ల చెవి మెత్తకి అంటుకోకూడదని, జలుబు చేస్తే రావద్దని చెప్పింది. పరీక్ష హెడ్‌సెట్‌కని చెప్పింది. అది రేపు ఒకరి చెవుల మీదికి పోతుందన్న మాట, చెప్పాల్సినంత మాటగా ఆమెకి ఎన్నడూ తోచలేదు. అందరికీ తెలిసిందేగా అనుకుంది. అంత సిగ్గు ఆమెకి జన్మలో ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పదిమందినీ కూర్చోబెట్టి నాగేంద్రమ్మే చెప్పింది, పుష్పావతి కంటే బాగా. ఆవిడ చెప్పడమంటే తిట్టడమే. క్రీస్తుదాసుకి రెండు తిట్లు ఎక్కువ పడ్డాయి, అయిదు అన్నందుకు. తర్వాత రెండు రోజులు ఒక్కొక్కరే గదిలోకి వెళ్లారు. బుచ్చయ్య ఎవరూ చెప్పకుండానే తుపాకీ పక్కన పెట్టి, కోతుల వెనక కర్ర పట్టుకుని పరిగెత్తాడు. లెక్క కడితే పదిహేడు వచ్చింది. ఒకరికి పన్నెండు, ఇంకొకరికి ఇరవై, మనుషుల్లాగే వచ్చాయి అంకెలు.

పదిహేడుకీ ఇరవై నాలుగుకీ తేడా ఏడే కదా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్క వేరు. మూడు పెరిగితే చెవి మీద పడే మోత రెట్టింపవుతుంది. ఏడంటే అయిదు రెట్లు.

“ఇప్పుడు తెలిసిందిగా,” అన్నాడు దశరథరామయ్య గారు. ఆయన మొహం పాలిపోయింది. “ఇకముందు సరిగ్గా చేద్దాం. కంపెనీకి ఫోన్ చేసి మెత్తలు మార్చమని నేను నెమ్మదిగా చెబుతాను. మన రిపోర్టు తప్పని మనమే రాసిస్తే, తనిఖీకి వచ్చేవాళ్లు లోపలికి కూడా రారు. నీ ఉద్యోగమూ ఉండదు, నా ల్యాబూ ఉండదు. అర్థమవుతోందా పుష్పావతీ?”

“అవుతోంది సార్.”

“మరి?”

“నెమ్మదిగా అంటే ఎన్ని రోజులు సార్? వాళ్లు రేపు పొద్దున్న కూడా అవే పెట్టుకుని ఎక్కుతారు.”

ఆయన సొరుగు లాగి ల్యాబు పేరున్న కాగితం ఒకటి తీసి ఆమె ముందుకి తోశాడు. ఇచ్చాడే గానీ, ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఉత్తరం రాయడానికి పుష్పావతికి ఒక పూట పట్టింది. ‘పొరపాటు జరిగినది’ అని రాసి కొట్టేసింది. దానంతటది జరగలేదు. ‘వినేవారికి పరీక్ష ఉద్దేశం నేను సరిగా వివరించలేదు. అందువల్ల వచ్చిన రిపోర్టు తప్పు. ఆ హెడ్‌సెట్లు వెంటనే వాడటం ఆపండి’ అని రాసి సంతకం చేసింది. నాగేంద్రమ్మ పక్కనే నిలబడి చదివించుకుంది.

“నా పేరేదండీ?”

“వినేవాళ్ల పేర్లు రాయకూడదు. నీది నాలుగో నంబరు.”

“నొక్కింది నేనండీ, నంబరు కాదు. మీరొక్కరే తిట్లు తింటారా?” అని పెన్ను లాక్కుని, పుష్పావతి సంతకం కింద పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. రూల్సు ప్రకారం అది కుదరదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి పుష్పావతి రూల్సు ఊసెత్తలేదు. ఆ కాగితాన్ని అలాగే స్కాన్ చేసి శిక్షణ కేంద్రానికీ, కంపెనీకీ పంపించింది. కార్తీకం తర్వాత సంతకం పెట్టిన మిగతా రిపోర్టులన్నీ మళ్లీ పరీక్షకి తీసి పక్కన పెట్టుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ల్యాబు ఫోను మోగింది. కంపెనీవాళ్లే అయ్యుంటారని, తిట్లకి సిద్ధపడి తీసింది.

“నమస్తే అండీ. నా పేరు హరీష్. పైలట్ ట్రైనింగులో ఉన్నానండీ. మాది చింతలపూడే.” కుర్రగొంతు, మంచి మర్యాద. “మీ లెటరు నోటీసు బోర్డులో పెట్టారండీ. అవన్నీ వెనక్కి తీసేసుకున్నారు. అందరూ నేను సాకులు చెబుతున్నానన్నారు. మా ఇంట్లో కూడా. మీరు రాశాక నమ్మారు. ఆ మాట చెబుదామనే చేశాను.”

పుష్పావతికి అతను తిడితే బాగుండేదనిపించింది.

“ఒక్కటి అడగనాండీ? మీకు ఇవన్నీ తెలుసు కదా. ఈ మోత తగ్గుతుందా? రాత్రిళ్లు పడుకుంటే కూడా ఉంటోంది. మెడికల్ టెస్టుందండీ వచ్చే నెల్లో. చెవులు పోతే పైలట్‌గా తీసుకోరు.”

తగ్గుతుంది బాబూ అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కొంతమందికి తగ్గుతుంది, కొంతమందికి తగ్గదు, ఎవరికి ఏదో కొలిచే యంత్రం ఆమె దగ్గర లేదు.

“తెలీదు బాబూ,” అంది. “ఈరోజే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆలస్యం చెయ్యకు.”

“ఏమన్నారండీ?” అన్నాడు హరీష్. “ఒక్క నిమిషం, కుడి చెవికి మార్చుకుంటాను. ఎడమవైపు సరిగ్గా వినపడట్లేదు.”

ఫోను చేతులు మారిన చప్పుడైంది. “ఆఁ, చెప్పండి,” అన్నాడు.

పుష్పావతి గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.